రావి ఆకు మీద కనిపించని తేదీ

1977 జులై 13న మొరార్జీ దేశాయి ప్రభుత్వం భారతరత్నను, దానితోపాటు పద్మ పురస్కారాలన్నింటినీ రద్దు చేసింది. ఇవి కొరగానివనీ, రాజకీయపు రంగు పులుముకున్నాయనీ ఆయన అభిప్రాయం. 1980 జనవరి 14న ఇందిరాగాంధీ మళ్లీ ప్రధాని అయ్యారు. పట్టుమని రెండు వారాలు తిరక్కుండానే, జనవరి 25న, వాటిని పునరుద్ధరించారు. ఆపై పదకొండేళ్లకు, 1991లో, అదే భారతరత్న మొరార్జీ దేశాయి గడప తొక్కింది. తొంభై అయిదేళ్ల ఆ పెద్దాయన వద్దనలేదు. ఈ కథను మన పత్రికలు ఆయన మీద చమత్కారంగా చెప్పుకుని వదిలేస్తాయి. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, అసలు ప్రశ్న అక్కడ లేదు. మొరార్జీ అర్హుడా కాడా అన్నది ఒక ప్రశ్న. 1991లోనే ఎందుకు అన్నది వేరొక ప్రశ్న. ఆ ఏడాది ఆయనతోపాటు ఇంకో ఇద్దరికి ఇచ్చారు: మే నెలలో హత్యకు గురైన రాజీవ్ గాంధీకి, నలభయ్యేళ్ల కిందట కన్నుమూసిన సర్దార్ పటేల్‌కు. ఒకరు కాంగ్రెస్ వర్తమానం, ఒకరు ఆ పార్టీ ఎక్కువగా తలవకుండా పక్కన పెట్టిన గతం, ఇంకొకరు కాంగ్రెస్‌ను కేంద్రంలో మొదటిసారి గద్దె దింపిన మనిషి. లోక్‌సభలో సొంత మెజారిటీ లేని ప్రభుత్వం నడుస్తున్న ఏడాదిలో ఈ మూడు పేర్లూ ఒకే త్రాసులో పడ్డాయి. యాదృచ్ఛికమే అని ఎవరైనా అంటే కాదని రుజువు చేయలేను. కానీ ఈ పురస్కారం మొత్తం చరిత్రను వరుసగా పేర్చి చూస్తే ఒక సంగతి పదేపదే కళ్లపడుతుంది. గ్రహీత పేరు ఆ మనిషి గురించి చెబుతుంది; ఇచ్చిన సంవత్సరం మాత్రం ఇచ్చినవాళ్ల గురించి చెబుతుంది. మనం పేర్లు కంఠస్థం చేసి పోటీ పరీక్షలు రాస్తాం. చరిత్ర ఎక్కువగా ఉన్నది సంవత్సరాల్లో.

భారతరత్నకు ముందు ఉన్నది రావు బహద్దర్ల, దివాన్ బహద్దర్ల కాలం. కందుకూరి వీరేశలింగానికి 1893లో తెల్లదొరలు రావు బహద్దరు బిరుదు ఇస్తే, అది ఆయన పేరుకు ముందు తోకలా కాక తలపాగాలా అతుక్కుపోయింది. 1919లో జలియన్‌వాలాబాగ్ తర్వాత రవీంద్రనాథ్ ఠాగూర్ ‘సర్’ బిరుదును వదిలేశారు. ఆ మరుసటి ఏడు సహాయ నిరాకరణలో బిరుదుల త్యాగం కాంగ్రెస్ కార్యక్రమంలోనే చేరింది. బిరుదంటే దొరతనం మెడకు కట్టే తాడు అన్న భావన ఆ తరంలో అంత గట్టిగా ఉండబట్టే, రాజ్యాంగంలోని 18వ అధికరణ సైన్యానికీ చదువుకూ సంబంధించినవి మినహా ఏ బిరుదునూ రాజ్యం ఇవ్వకూడదని నిషేధించింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన నాలుగేళ్లకే, 1954 జనవరి 2న, రాష్ట్రపతి కార్యాలయం భారతరత్నను నెలకొల్పుతూ ప్రకటన వెలువరించింది. దాని కింద పద్మవిభూషణ్ అని ఇంకొకటి పెట్టి, దాన్ని మళ్లీ పహ్లా వర్గ్, దూస్రా వర్గ్, తీస్రా వర్గ్ అని మూడు తరగతులు చేశారు. దేశసేవను ఆనాటి రైలుపెట్టెల లెక్కన విభజించడం బాగుండలేదని ఎవరికి తోచిందో గానీ, ఏడాది తిరిగేసరికి వాటికి ఇప్పుడున్న మూడు పద్మాల పేర్లు వచ్చాయి. భారతరత్న రూపం కూడా అప్పుడే మారింది. మొదట అనుకున్నది గుండ్రని బంగారు పతకం. దాని స్థానంలో కంచుతో చేసిన రావి ఆకు, దాని మీద ప్లాటినం సూర్యుడు వచ్చాయి.

మొదటి రెండేళ్లలో ఆ గౌరవం పొందినవారిని చూడండి. 1954లో చక్రవర్తుల రాజగోపాలాచారి, సర్వేపల్లి రాధాకృష్ణన్, చంద్రశేఖర వెంకటరామన్. 1955లో కాశీ విద్యాపీఠం స్థాపకుల్లో ఒకరైన భగవాన్‌దాస్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నెహ్రూ. ఈ ఆరుగురిలో ముగ్గురిని అంతకుముందే బ్రిటిష్ రాజ్యం ‘సర్’లను చేసింది: విశ్వేశ్వరయ్యను 1915లో, రామన్‌ను 1929లో, రాధాకృష్ణన్‌ను 1931లో. రామన్‌కు 1930లోనే నోబెల్ వచ్చింది. మూసీ వరదల తర్వాత హైదరాబాదుకు జంట జలాశయాల ఆలోచన ఇచ్చిన విశ్వేశ్వరయ్య 1955 నాటికి తొంభయ్యో పడి దాటిన వృద్ధుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా పనిచేసిన రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పి వచ్చినవాడు. వీళ్లకు కొత్తగా రావలసిన పేరేమీ లేదు. పేరు కావలసింది ఆ పతకానికి. నిన్నగాక మొన్న పుట్టిన రిపబ్లిక్ ఒక రావి ఆకును పోతపోసి ఇదే మా అత్యున్నత గౌరవం అంటే జనం ఎందుకు నమ్మాలి? రామన్ మెడలో పడింది కనుక నమ్మాలి. మన సంప్రదాయంలో పెద్దన కాలికి గండపెండేరం తొడిగాక ఆ గండపెండేరం విలువ పెరిగిందో, పెద్దన విలువ పెరిగిందో చెప్పడం కష్టం. 1954లో జరిగింది అదే. గౌరవం ఇస్తున్నట్టు కనిపిస్తూ రాజ్యం నిజానికి గౌరవాన్ని అప్పు తీసుకుంది. పాత ‘సర్’లను కొత్త ‘రత్నా’లుగా మార్చుకోవడంలో ఇంకో సంగతి కూడా ఉంది. గుర్తించే హక్కు లండన్ నుంచి ఢిల్లీకి మారిందని, ఒక్క ఉపన్యాసం కూడా లేకుండా, అందరికీ అర్థమయ్యేలా చెప్పడం అది.

ఇక్కడ పాఠకుడికి ఒక మాట తట్టడం సహజం. అంటే తొలి రోజుల్లో అంతా నిష్కల్మషంగా జరిగింది, తర్వాతే చెడింది అంటున్నారా అని. అనడం లేదు. అలా అనడానికి రికార్డు ఒప్పుకోదు. 1954లో రాధాకృష్ణన్ పదవిలో ఉన్న ఉపరాష్ట్రపతి. 1957లో గోవింద్ వల్లభ్ పంత్‌కు ఇచ్చేనాటికి ఆయన కేంద్ర హోంమంత్రి. 1961లో బి.సి. రాయ్ పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి, 1963లో జాకిర్ హుస్సేన్ ఉపరాష్ట్రపతి. ఆ జాకిర్ హుస్సేన్ పుట్టింది మన హైదరాబాదులోనే. ఇక నెహ్రూ సంగతి. 1955 జులైలో సోవియట్ పర్యటన ముగించుకుని వచ్చిన ప్రధానికి రాష్ట్రపతి భవన్‌లో విందు ఇస్తూ, రాజేంద్రప్రసాద్ అక్కడికక్కడే భారతరత్న ప్రకటించారు. ప్రధాని సిఫారసు గానీ సలహా గానీ లేకుండా తన అంతట తానే చేస్తున్నందువల్ల ఇది రాజ్యాంగ విరుద్ధమని ఎవరైనా అనవచ్చని కూడా ఆయనే అన్నారు. ప్రధాని సిఫారసు మీద ఇవ్వవలసిన గౌరవాన్ని ప్రధానికే ఇవ్వాలంటే వేరే దారి లేదు మరి! అయితే నెహ్రూ సమర్థకులు సాధారణంగా ఇక్కడితో ఆగుతారు. విమర్శకులు ఇక్కడికే రారు, నెహ్రూ తనకు తానే ఇచ్చుకున్నారని తేల్చేస్తారు. ఇద్దరూ చూడనిది తేదీ. ఆ విందు నాటికి నెహ్రూ అంతర్జాతీయ ప్రతిష్ఠ శిఖరాన ఉంది. బాండుంగ్ సమావేశం జరిగి మూడు నెలలే అయింది. హిందూకోడ్ లాంటి విషయాల్లో ప్రధానితో బహిరంగంగానే విభేదించిన రాష్ట్రపతి ఆ క్షణంలో పార్టీని, విభేదాన్ని పక్కనపెట్టి దేశం తరఫున మాట్లాడారు. ఏడేళ్ల తర్వాత, 1962లో, రాజేంద్రప్రసాద్‌కు కూడా అదే గౌరవం దక్కింది.

ఇచ్చినవారు తర్వాత పుచ్చుకోవడం అన్న ఆ వరుస అక్కడితో ఆగలేదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ విజయం వెనువెంటనే ఇందిరాగాంధీకి భారతరత్న వచ్చినప్పుడు రాష్ట్రపతి వరాహగిరి వేంకటగిరి. 1975లో వేంకటగిరికి వచ్చినప్పుడు ప్రధాని ఇందిరాగాంధీ. మన తెలుగువాడు కనుక ఇక్కడ రెండు మాటలు ఎక్కువ చెప్పుకోవాలి. బరంపురంలో పుట్టి, ఐర్లండులో న్యాయశాస్త్రం చదివి, అక్కడి స్వాతంత్ర్య పోరాటాన్ని దగ్గరగా చూసి వచ్చి, రైల్వే కార్మికులను కూడగట్టిన మనిషి వి.వి. గిరి. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను బొబ్బిలిలోనే ఓడించారు. కేంద్ర కార్మిక మంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగుల వివాదంలో ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో రాజీనామా చేశారు. అలాంటి రాజీనామాలు ఆనాడూ ఎక్కువ లేవు, ఈనాడూ లేవు. కార్మిక నాయకుడిగా ఆయనకు ఆ గౌరవం 1955లో వచ్చి ఉంటే ఒక్కరూ వేలెత్తి చూపేవారు కాదు. అది వచ్చింది 1975లో. 1969 రాష్ట్రపతి ఎన్నికలో ఇందిర ఆయన వెనుక నిలబడి సొంత పార్టీ అధికార అభ్యర్థిని ఓడించిన తర్వాత, 1971 గౌరవం ఆయన హయాంలో ఆమెకు దక్కిన తర్వాత. గిరి మనిషిగా చిన్నవాడైపోలేదు. కానీ ఆయన పేరు పక్కన ఉన్న ఆ సంవత్సరం ఆయన రాజీనామా కథను మింగేసి, ఎన్నిక కథను మిగిల్చింది. తేదీ మనిషికి అన్యాయం చేయగలదనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు అక్కర్లేదు.

ఈ పద్ధతినే మొదటినుంచీ తప్పు పట్టినవాళ్లు లేకపోలేదు. రిపబ్లిక్‌లో ఇలాంటి గౌరవాలు ఉండకూడదని రాజ్యాంగ సభలోనే వాదించిన హృదయనాథ్ కుంజ్రూ, 1968లో తనకు భారతరత్న ఇస్తామంటే అదే కారణంతో కాదన్నారు. 1969లో ఆచార్య కృపలానీ ఈ పురస్కారాలను రద్దు చేయాలని లోక్‌సభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. ముందు తలుపు నుంచి గెంటేసిన బిరుదులు పెరటి తలుపు నుంచి వచ్చాయని ఆయన వాదన. బిల్లు ఓడిపోయింది. 1992లో కేరళ, మధ్యప్రదేశ్ హైకోర్టుల్లో వ్యాజ్యాలు పడడంతో పురస్కారాలు మళ్లీ ఆగాయి. 1995 డిసెంబరు 15న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇవి 18వ అధికరణ నిషేధించిన బిరుదులు కావని తేల్చింది. పేరుకు ముందూ వెనుకా తగిలించుకోకూడదనీ, తగిలించుకుంటే వెనక్కి తీసుకోవచ్చనీ షరతు పెట్టింది. ఆ షరతును మన సభల్లో ఆహ్వాన పత్రికలు అచ్చువేసేవాళ్లు ఎంత పట్టించుకుంటారో అందరికీ తెలుసు. చట్టం దృష్టిలో వ్యవహారం తేలిపోయింది. కానీ కృపలానీ అడిగిన ప్రశ్నకు కోర్టు జవాబు చెప్పలేదు, చెప్పవలసిన పనీ లేదు. బిరుదా, పురస్కారమా అన్నది మాట తేడా. రాజ్యం ఎవరిని పెద్దవాడనాలో నిర్ణయించడం మంచిదా అన్నది ఆయన అడిగినది. నా మటుకు నేను కృపలానీతో సగమే ఏకీభవిస్తాను. గౌరవించడం మానుకున్న సమాజం ఎక్కడా లేదు; రాజ్యం మానేస్తే ఆ పని కుల సంఘాలు, అభిమాన సంఘాలు చేస్తాయి. చేస్తూనే ఉన్నాయి కూడా.

తొలి దశకూ తర్వాతి దశకూ మధ్య అసలు గీత ఎక్కడుందంటే, బతికున్నవాళ్లకూ చనిపోయినవాళ్లకూ మధ్య ఉంది. 1954 నుంచి 1963 వరకు భారతరత్న పొందిన పదమూడు మందీ సజీవులే. 1958లో ధోండో కేశవ్ కర్వే నూరేళ్లు నిండిన ఏడాదిలో అందుకున్నారు. మహిళా విశ్వవిద్యాలయం పెట్టిన ఆ వృద్ధుడి విషయంలో దేశం ఇంకా ఆగలేదు. 1954 నాటి నియమాల్లో మరణానంతరం ఇచ్చే వీలే లేదు. తర్వాత నియమం మార్చారు. 1966లో తాష్కెంట్‌లో కన్నుమూసిన లాల్ బహదూర్ శాస్త్రి ఆ విధంగా పొందిన మొదటివారు. దేశమంతా కన్నీళ్లు పెట్టుకున్న ఆ వేళ దాన్ని ఎవరూ ప్రశ్నించలేదు, ప్రశ్నించవలసినదీ లేదు. కానీ తలుపు ఒకసారి తెరిచాక అందులోంచి శాస్త్రి ఒక్కరే రారు. 1976లో అంతకుముందు ఏడాది పోయిన కామరాజ్, 1983లో వినోబా, 1988లో ఎం.జి. రామచంద్రన్. ఎం.జి.ఆర్. 1987 డిసెంబరులో చనిపోయారు. తమిళనాడు ఎన్నికలు 1989 జనవరిలో. ఈ రెండింటి నడుమ ఆ పురస్కారం వచ్చింది. అప్పటికి అంబేడ్కర్‌కు లేదు, పటేల్‌కు లేదు. 2024 వరకు మొత్తం గ్రహీతలు యాభై ముగ్గురు. వారిలో పద్దెనిమిది మందికి మరణానంతరమే. చివరి మూడు విడతలు (2015, 2019, 2024) చూస్తే, పదిమందిలో ఏడుగురు పతకాన్ని చూడకుండానే వెళ్లిపోయినవాళ్లు. వారిలో మదనమోహన మాలవీయ 1946లోనే మరణించారు. ఆయన పోయేనాటికి ఈ రిపబ్లిక్కే లేదు.

బతికున్నవాడికి గౌరవం ఇస్తే రాజ్యం ఆ మనిషికి లోబడుతుంది. వాడు కాదనగలడు కుంజ్రూలా. పుచ్చుకుని రేపు ప్రభుత్వాన్ని తిట్టగలడు కూడా. చనిపోయినవాడు ఏమీ అనలేడు. అందుకే మరణానంతర గౌరవం ఇచ్చేవాళ్లకు సుఖం. అందులో వాళ్లు రాసేది ఆ మనిషి చరిత్ర కాదు, తమ వంశవృక్షం. ఈ తేలిక పని ఒకే ఒక్కసారి బెడిసికొట్టింది. 1992 జనవరిలో సుభాష్ చంద్రబోస్‌కు మరణానంతరం భారతరత్న ఇవ్వాలని నిర్ణయించినట్టు ప్రకటన వెలువడింది. ప్రధాని పి.వి. నరసింహారావు. ప్రకటనలో ఉన్న ‘మరణానంతరం’ అన్న ఒక్క మాట కొంప ముంచింది. 1945 ఆగస్టు 18న తైపేలో విమానం కూలి నేతాజీ మరణించారని ప్రభుత్వ విచారణలు తేల్చాయి. 1956లో షానవాజ్ కమిటీ, ఆపై ఖోస్లా కమిషన్. దేశంలో, ముఖ్యంగా బెంగాల్‌లో, ఆ మాట నమ్మనివాళ్లు లక్షల్లో ఉన్నారు. కుటుంబం అభ్యంతరం చెప్పింది. మరణానంతరం అంటున్నారు కదా, మరణించిన సాక్ష్యం ఏదీ అని వ్యాజ్యం పడింది. అప్పటిదాకా సన్మానం ఊసెత్తిన రాజ్యం ఒక మరణ ధ్రువపత్రం రాయవలసిన పరిస్థితిలో పడింది. 1997లో సుప్రీంకోర్టు, పురస్కారం నిజంగా ప్రదానమే జరగలేదు కనుక ఆ ప్రకటనను రద్దయినట్టే భావించాలని చెప్పి కథ ముగించింది. మృతులకు గౌరవం ఇచ్చే అధికారం తీసుకున్న రాజ్యం, ఎవరు మృతులో ప్రకటించే అధికారాన్ని కూడా తీసుకోవలసి వస్తుందని ఎవరూ ఊహించలేదు. యాభై ముగ్గురి పేర్లున్న ఆ జాబితాలో లేని యాభై నాలుగో పేరు మిగతా చాలా పేర్లకంటే ఎక్కువ పాఠం చెబుతుంది.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. మరణానంతర గౌరవం లేకపోతే అంబేడ్కర్ సంగతేమిటి? 1956 డిసెంబరులో ఆయన మరణించేనాటికి భారతరత్న మొదలై దాదాపు మూడేళ్లు. ఆ మూడేళ్లలో ఇవ్వని అన్యాయాన్ని 1990లోనైనా సరిదిద్దడం తప్పా అని. తప్పు కాదు. కానీ సరిదిద్దినది ఎవరన్నదే నేను అడిగేది. ముప్పయ్యేళ్ల పాటు ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చిన ప్రభుత్వాలకు ఆ అన్యాయం కనిపించలేదు. 1990 వేరు. మండల్ సిఫారసుల అమలు ప్రకటించిన ఏడాది, అంబేడ్కర్ శతజయంతి మొదలైన ఏడాది, ఊరూరా దళితులు ఆయన విగ్రహాన్ని తమ చేతులతో నిలబెట్టుకుంటున్న కాలం. మన దగ్గర 1985లో కారంచేడులో దళితుల ఊచకోత జరిగింది, దాని వెంటే దళిత మహాసభ వచ్చింది. ఇంకో ఏడాదికి అలాంటిదే చుండూరులో జరగబోతోంది. కింది నుంచి ఎగసిన ఆ కెరటం ఢిల్లీ గుమ్మాన్ని తాకితే తలుపు తెరుచుకుంది. అంబేడ్కర్‌కు భారతరత్న ఒక ప్రధాని ఇచ్చినది కాదు, ఆయన ప్రజలు తెచ్చుకున్నది. కనుక తేదీ రాజకీయం చెబుతుంది అన్నప్పుడు రాజకీయం అన్న మాటను నేను తిట్టుగా వాడడం లేదు. ఎం.జి.ఆర్.కు ఇచ్చిన 1988 కూడా రాజకీయమే, 1990 కూడా రాజకీయమే. ఒకటి ఓట్ల కోసం పైనుంచి దిగింది, ఇంకొకటి మనుషుల కోసం కిందినుంచి ఎక్కింది. రెండింటినీ ఒకే గాటన కట్టేవాడు చరిత్ర చదవడం లేదు, జాబితా చదువుతున్నాడు.

కొన్ని తేదీలు మన గురించి మనకే చెప్పే సంగతులు ఇబ్బందిగా ఉంటాయి. మదర్ థెరెసాకు నోబెల్ 1979లో, భారతరత్న 1980లో. అమర్త్య సేన్‌కు నోబెల్ 1998లో, భారతరత్న 1999లో. సత్యజిత్ రేకు ఆస్కార్ గౌరవం, భారతరత్న రెండూ 1992లోనే, ఆయన చావుబతుకుల్లో ఉండగా వచ్చాయి. 1954లో గుర్తించే హక్కు ఢిల్లీకి మారిందని ఇందాక అన్నాను. కొన్నిసార్లు అది స్టాక్‌హోం మీదుగా తిరిగి వచ్చేదన్నమాట. దీనికి ఎదురుగా నిలబడే తేదీలూ ఉన్నాయి: పాకిస్థాన్ పౌరుడైన ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌కు 1987లో, అప్పుడే చెర వీడిన నెల్సన్ మండేలాకు 1990లో, మండేలా నోబెల్ అందుకున్నది ఆ తర్వాత మూడేళ్లకు. ఇక మొదటి ప్రకటనలో కళ, సాహిత్యం, విజ్ఞానం, ప్రజాసేవ అని ఉన్న నాలుగింటిలో సాహిత్యం దాదాపు అనాథ. ధర్మశాస్త్ర చరిత్రను వేల పేజీల్లో రాసిన పి.వి. కాణే పండితుడు, రాజాజీ, వాజపేయి రచయితలే గానీ వారికి వచ్చింది అందుకు కాదు. కేవలం కవిత్వానికో నవలకో ఇంతవరకు ఎవరికీ రాలేదు. మహిళలు యాభై ముగ్గురిలో అయిదుగురే: ఇందిర, మదర్ థెరెసా, అరుణా అసఫ్ అలీ, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి, లతా మంగేష్కర్. 2001 తర్వాత ఒక్కరూ లేరు. క్రీడలకు చోటే లేదని 2011 నవంబరులో నియమాన్ని ‘మానవ కృషికి సంబంధించిన ఏ రంగమైనా’ అని విస్తరించారు. సరిగ్గా రెండేళ్లకు, సచిన్ టెండూల్కర్ ఆఖరి టెస్టు ముగిసిన రోజునే ఆయన పేరు ప్రకటించారు. ఏ పుట్టినరోజును జాతీయ క్రీడాదినంగా జరుపుకుంటామో ఆ ధ్యాన్‌చంద్ మాత్రం జాబితాలో లేరు.

పి.వి. నరసింహారావు కథలో ఈ దారాలన్నీ ఒకచోట ముడిపడతాయి. 1991 నాటి ముగ్గురికీ, 1992 నాటి ముగ్గురికీ, ఇవ్వలేకపోయిన నేతాజీకీ ప్రధానిగా ఆయన హయాంలోనే నిర్ణయాలు జరిగాయి. 2004 డిసెంబరు 23న ఆయన ఢిల్లీలో కన్నుమూశారు. తాను అధ్యక్షుడిగా పనిచేసిన పార్టీ కేంద్ర కార్యాలయం లోపలికి ఆయన భౌతికకాయం వెళ్లలేదు. వాహనం గేటు బయట ఆగింది. అంత్యక్రియలు హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగాయి. తర్వాత పదేళ్లు ఆయన పార్టీయే కేంద్రంలో ఉంది. ఆ పదేళ్లలో భారతరత్న పొందినవారు ముగ్గురు: భీమ్‌సేన్ జోషి, సి.ఎన్.ఆర్. రావు, టెండూల్కర్. ఒక్క రాజకీయ నాయకుడూ లేడు. పురస్కారాన్ని పార్టీల పంచాయితీకి దూరంగా ఉంచారని దాన్ని మెచ్చుకోవచ్చు. పి.వి.కి ఇవ్వకుండా ఉండడానికి అదొక మర్యాదైన మార్గమని కూడా అనుకోవచ్చు. ఇవ్వడానికే కాదు, ఇవ్వకపోవడానికీ తేదీ ఉంటుంది. 2020 సెప్టెంబరులో ఆయన శతజయంతి సందర్భంగా తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. 2024 ఫిబ్రవరి 9న, లోక్‌సభ ఎన్నికలకు కొద్ది వారాల ముందు, చరణ్ సింగ్, ఎం.ఎస్. స్వామినాథన్‌లతోపాటు ఆయన పేరు ప్రకటించింది ఆయన ప్రత్యర్థి పార్టీ ప్రభుత్వం. వంగర నుంచి వెళ్లి దేశాన్ని దివాలా అంచు నుంచి వెనక్కి లాగిన ప్రధానికి, ముఖ్యమంత్రిగా భూసంస్కరణలకు దిగి పదవి పోగొట్టుకున్న మనిషికి ఆ గౌరవం తగునా అంటే తగుననే నా అభిప్రాయం. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలిన మాటేమిటని అడిగేవాళ్ల ప్రశ్నా న్యాయమైనదే. పతకం ఆ ప్రశ్నకు జవాబు కాదు, దాన్ని మాఫీ చేసే కాగితమూ కాదు. కానీ పి.వి. చేసినవన్నీ 2004కు ముందే చేశారు. 2004కూ 2024కూ మధ్య మారింది ఆయన కాదు.

అందుకే ఎన్.టి. రామారావుకు ఎప్పుడిస్తారు అని ఏటా మే 28న మనం అడిగే ప్రశ్నను కొంచెం జాగ్రత్తగా వినాలి. ‘ఇవ్వాలా’ అని ఎవరూ అడగరు, ‘ఎప్పుడు’ అనే అడుగుతారు. జనానికి తెలియక కాదు, తెలిసే. 2008లో వాజపేయికి ఇవ్వాలని అద్వానీ ప్రధానికి లేఖ రాసినప్పుడు జ్యోతిబసుకూ, కాన్షీరామ్‌కూ ఇవ్వాలని మిగతా పార్టీలు లైను కట్టింది కూడా ఈ ఎరుకతోనే. వాజపేయికి 2015లో, అద్వానీకి 2024లో వచ్చింది. దీనికి విరుగుడుగా ఒక నిష్పాక్షిక సంఘం వేయమనేవాళ్లున్నారు. ప్రస్తుతం ప్రధాని రాష్ట్రపతికి సిఫారసు చేయడమే పద్ధతి, లాంఛనంగా ఎవరి ప్రతిపాదనా అక్కర్లేదు. పద్మ పురస్కారాలకు సంఘం ఉంది. వాటి మీద రచ్చ తగ్గిందా? సంఘం వేస్తే నిర్ణయం ఎవరిదో కనబడకుండా పోతుంది గానీ, నిర్ణయపు వేళ మాయమవదు. ఇప్పుడైతే కనీసం ప్రధాని పేరు, సంవత్సరం పక్కపక్కన పెట్టి చదువుకునే వీలుంది. చరిత్ర రాసేవాడికి ఆ మాత్రం పారదర్శకత చాలా విలువైనది. ఏడాదికి ముగ్గురికి మించకూడదన్న నియమం మీద మాత్రం నాకు పట్టింపు ఉంది. 1999లో నలుగురికి, 2024లో అయిదుగురికి ఇచ్చారు. నియమం పుస్తకంలోనే ఉంది.

2024 మార్చి 30న రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపదీ ముర్ము చేతుల మీదుగా ఆ ఏటి ప్రదానం జరిగింది. కర్పూరి ఠాకూర్ తరఫున కుమారుడు, చరణ్ సింగ్ తరఫున మనవడు, పి.వి. తరఫున కుమారుడు, స్వామినాథన్ తరఫున కుమార్తె వచ్చి అందుకున్నారు. జనవరిలో కర్పూరి పేరు వెలువడిన కొద్ది రోజులకే బిహార్ ముఖ్యమంత్రి కూటమి మారారు. ఫిబ్రవరిలో తాత పేరు వెలువడ్డాక ఆ మనవడి పార్టీ కూడా అధికార కూటమిలో చేరింది. అయిదుగురిలో సజీవంగా ఉన్న ఒక్క అద్వానీకి మర్నాడు రాష్ట్రపతే ఇంటికి వెళ్లి ఇచ్చారు. భారతరత్న గ్రహీతలకు ప్రభుత్వ మర్యాదల వరుసలో కేంద్ర క్యాబినెట్ మంత్రుల తర్వాత 7ఏ అని ఒక స్థానం కేటాయించి ఉంది. మార్చి 30న ఆ హాలులో ఆ స్థానంలో కూర్చోవలసిన కొత్త గ్రహీత ఒక్కరూ లేరు.